తిరగవాత ఓబుళేసు

తాడిపత్రిలో వానకు కొదవ గానీ దుమ్ముకు కొదవ లేదు. ఊరి చుట్టూ నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు. రాయి నున్నగా తేలాలంటే మిగతాదంతా పొడి కావలసిందే. ఆ పొడి నీళ్లతో కలిసి బురదై పారుతుంది, ఎండకు ఆరుతుంది, లారీ పోయినప్పుడల్లా లేచి జనం నెత్తిన కూర్చుంటుంది. అట్లాంటి ఊళ్లో మోటారు సైకిళ్లు బాగు చేసి బతకడమంటే మాటలు కాదు. ఓబుళేసు బతికాడు. ఊరికే బతకడం కాదు, తలెత్తుకుని బతికాడు. ఆ తల ఒకసారి వంగిన మాట కూడా నిజమే, అదీ దాచను.

అతనిది తనకల్లు దాపున ఒక మెట్ట పల్లె. శనక్కాయ పంట వరసగా మూడేళ్లు ఎండిపోయాక, తొంభై నాలుగులో సంచీ భుజాన వేసుకుని తాడిపత్రి వచ్చి పాలిష్ ఫ్యాక్టరీలో రాళ్లు మోసే పనిలో చేరాడు. రెండేళ్లు మోశాడు. నడుం పట్టేసింది. ఫ్యాక్టరీలో ఎవరి మోపెడ్ ఆగిపోయినా విప్పి చూడటం మాత్రం మహా సరదా. ఆ సరదా పట్టుకునే అనంతపురం పోయి, ఒక మెకానిక్ దగ్గర మూడేళ్లు పని నేర్చుకుని, తొంభై తొమ్మిదిలో తిరిగొచ్చి బస్టాండు వెనక రేకుల షెడ్డు వేశాడు. గార్లదిన్నె పిల్ల అక్కమ్మను చేసుకున్నదీ ఆ ఏడే. ఇంక జన్మలో రాయి మొయ్యనని పెళ్లికి ముందే ఆమెకు మాటిచ్చాడు.

ఆ రోజుల్లో కుర్రాళ్లకు ఒకటే పిచ్చి, పికప్. చెయ్యి తిప్పితే బండి ఎగరాలి. ఎగరాలంటే ఇంజనుకు గాలి ధారాళంగా అందాలి. కంపెనీ పెట్టిచ్చిన కాగితం ఫిల్టరు తాడిపత్రి దుమ్ముకు పది రోజుల్లో అట్ట కట్టేది. అందుకని ఊళ్లో మెకానిక్కులు ఏం చేసేవాళ్లంటే, అసలు ఫిల్టరే పీకి అవతల పారేసేవాళ్లు. బండి రెండు నెలలు రాకెట్టే. మూడో నెలకు లోపలికి పోయిన దుమ్ము సిలిండరును ఆకురాయి పట్టినట్టు అరగదీసి, వెనక పొగ, లోపల గలగల. కుర్రాళ్లకు అదేమీ పట్టేది కాదు.

ఓబుళేసుకు పట్టింది. "ఫిల్టరు పీకితే నా చేత్తో నేనే ఇంజన్ను సంపినట్ల. పికప్ కావల్లంటే ఇస్తా, ఫిల్టరు పెట్టే ఇస్తా" అని కూర్చున్నాడు.

మొండివాడు, చెప్పినట్టే చేశాడు. సీటు కవర్లు కుట్టే అంగట్లో మిగిలిన స్పాంజి ముక్కలు తెచ్చి, ఫిల్టరు డబ్బా కొలతకు కోసి, నూనెలో ముంచి, గట్టిగా పిండి బిగించాడు. స్పాంజిలో గాలి బాగా ఆడుతుంది. దుమ్ము నూనె జిడ్డుకు అంటుకుని అక్కడే ఆగుతుంది. అయితే గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి, లేకుంటే ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే ఇత్తడి జెట్టు ఒకటుంటుంది. దాని రంధ్రాన్ని వెంట్రుకవాసి పెద్దది చెయ్యాలి. అంత సన్నటి పనిముట్టు ఊళ్లో కంసాలి ఆంజనేయులు దగ్గరే ఉంది. ముక్కుపుడకలకు బెజ్జం వేసే చేత్తోనే ఆయన జెట్లకూ వేసి పెట్టాడు. ఆ తర్వాత బండిని నాలుగు మైళ్లు తోలి, ప్లగ్గు విప్పి రంగు చూసేవాడు ఓబుళేసు. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లగా ఉంటే చాలనట్టు. వేయించిన శనగ్గింజ పొట్టు రంగు వచ్చిందా, ఇంక ఆ బండికి తిరుగు లేదు.

ఇంత తెలివైనవాడు పోయి పోయి నూనె దగ్గర బోల్తా పడ్డాడు. ఇంట్లో ఉంది కదా అని శనక్కాయ నూనె వాడాడు.

ఊళ్లో ఎర్రన్న అని పెద్ద రైతు. పొలాలున్నాయి, పాలిష్ ఫ్యాక్టరీ ఉంది, నలుగురు ఆయన మాట వింటారు. ఆయన కొడుకు కిరణ్ కొత్త బండి కొన్న మూడో రోజే ఓబుళేసు దగ్గరికి తెచ్చాడు. నూనె స్పాంజి పెట్టి, జెట్టు మార్చి ఇస్తే బండి గాలిలో పోయింది. కిరణ్ ఊరంతా చెప్పాడు. షెడ్డు ముందు బండ్లు వరస కట్టాయి. నెలన్నర పాటు ఓబుళేసు మధ్యాహ్నం అన్నం వేళకు తిన్నది లేదు.

కిరణ్ బండి పెట్టేది విత్తనపు శనక్కాయల గోదాములో. అక్కడ ఎలుకల సంగతి చెప్పాలా? డబ్బా నోట్లోంచి దూరి స్పాంజినంతా కొరికి తినేశాయి. లోపల ఫిల్టరు లేదని తెలియక ఆ పిల్లవాడు రెండు నెలలు అదే ఊపులో తోలాడు. సిలిండరు సర్వనాశనం. ఎర్రన్న బండిని ట్రాక్టరులో వేయించుకుని వచ్చి, నడివీధిలో డబ్బా విప్పించాడు. రెండు స్పాంజి తునకలు, గుప్పెడు ఎలుక పెంటికలు రాలాయి.

ఎర్రన్న వంగి వాసన చూశాడు. "ఇంజనుకు తిరగవాత పెట్టినావు గదరా. కర్యాపాకు యాడ, మర్సిపోయినావా?" అన్నాడు.

తాళింపును మా సీమలో తిరగవాత అంటాం. వీధి వీధంతా పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక ఎర్రన్న మాట మారింది. "ఇంగ మా ఇంటి బండి మీద నీ చెయ్యి పడగూడదు" అని అందరూ వినేట్టు చెప్పి వెళ్లిపోయాడు. ఆయన వద్దన్నాక ఆయన ఫ్యాక్టరీ వాళ్లు రాలేదు, వాళ్లు రానందుకు మిగతావాళ్లూ రాలేదు. ఓబుళేసు పేరు మాత్రం తిరగవాత ఓబుళేసుగా స్థిరపడింది. చిన్నపిల్లలు కూడా అట్లాగే పిలిచేవాళ్లు. వినీ విననట్టు పోయేవాడు గానీ లోపల కుమిలిపోయేవాడు.

అక్కమ్మ ఓదార్చలేదు. ఓదార్చే రకం కాదు ఆమె. "ఇంట్లో నూనె యాడ పోతాందో అని ఆర్నెల్ల నుంచి ఎతుకుతాండా నేను. తినే నూనె పెడితే ఎలకలు తినక పూజ జేస్తాయా? ఆముదం పెట్టు. ఎలక గాదు గదా, నువ్వు గూడా దాని జోలికి పోవు."

ఆ మరుసటి రోజే ఓబుళేసు రెండు స్పాంజి ముక్కలు, ఒకటి శనక్కాయ నూనెది, ఒకటి ఆముదంది, షెడ్డు మూల ఎలుక బొక్క ముందు పెట్టాడు. రెండో నాటికి మొదటిదాని ఆనవాలు లేదు. ఆముదం ముక్క మీద ఒక్క పంటి గాటు కూడా పడలేదు. పలచన చేద్దామని ఆముదంలో పెట్రోలు పోస్తే కలవనంది, వేరుగా తేలింది. సరేనని ఆముదాన్ని గోరువెచ్చగా కాచి, స్పాంజి ముంచి, పంచెగుడ్డలో మెలేసి పిండాడు. దాన్ని తన పాత రెండు స్ట్రోకుల బండికి పెట్టి ఏడాది తోలాడు. విప్పి చూస్తే సిలిండరు గోడలు అద్దంలా ఉన్నాయి. కానీ ఎవరికి చూపించాలి? నర్సు కృపాకుమారి మోపెడ్ తప్ప షెడ్డుకు వచ్చే బండి లేదు. పాత పాలిష్ ఫ్యాక్టరీ మేస్త్రీ రెండుసార్లు కబురు పెట్టాడు, రాళ్లు మొయ్యడానికి మనుషులు కావాలని. ఉగాది దాటాక వస్తానని చెప్పిపంపాడు ఓబుళేసు. ఆ మాట విని అక్కమ్మ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

అది రెండువేల మూడు. కరువంటే కరువు. ఏటా ఉగాదికి ఎడ్ల బండలాగుడు పోటీలు జరిగేవి. ఆ ఏడు గడ్డి లేక, నీళ్లు లేక ఎడ్లను సంతకు తోలేశారు. జత ఎడ్లు దొరికితే ఒట్టు. పోటీ లేకుండా పండగేమిటని కుర్రాళ్లు గొడవ చేసి, ఎడ్లు లేకుంటే మోటారు సైకిళ్లతో రాయి లాగిద్దామన్నారు. ముప్పై ఏళ్లుగా ఎడ్ల పోటీలకు విజిల్ ఊదిన జయరాముడు మొదట చీదరించుకుని, తర్వాత ఒప్పుకున్నాడు. క్వింటాలు రాయి, పదిహేను నిమిషాలు, మూడు వందల అడుగుల దారిలో అటూ ఇటూ తిరిగి ఎవరు ఎక్కువ అడుగులు లాగితే వాళ్లు గెలిచినట్టు. పాత నియమాలన్నీ అలవాటుగా చదువుతూ చదువుతూ, కొరడా దెబ్బ పడితే తీసేస్తామని కూడా చెప్పాడు. జనం నవ్వు ఆపుకోలేకపోయారు.

స్థలం ఫ్యాక్టరీల వెనక బయలు. రాతిపొడి మడమ లోతున ఉంటుంది అక్కడ. తొమ్మిది బండ్లు వచ్చాయి. ఎనిమిదింటికి ఫిల్టర్లు పీకేశారు. తొమ్మిదోది ఓబుళేసుది. అతనొచ్చి నిలబడగానే వేదిక మీది కుర్చీలోంచి ఎర్రన్న, "తిరగవాత వచ్చినాడు, అందరూ ముక్కులు మూసుకోండప్పా" అన్నాడు. రాయి లాగుతూ మెల్లగా నడిచే బండికి గాలి తగలదు, వేడెక్కుతుంది. అది ఆలోచించి ఓబుళేసు ముందు రోజే జెట్టును ఇంకో వాసి పెంచి, కార్బొరేటర్ సూదిని ఒక గాటు పైకెత్తి, పెట్రోలు కాస్త ఎక్కువే పోయేట్టు సర్దుకున్నాడు. ఈ పోటీలో పేరు నిలబడకపోతే ఎల్లుండి నుంచి రాళ్ల పనే. అది అతనికీ తెలుసు, జనంలో నిలబడ్డ అక్కమ్మకూ తెలుసు.

అతని వంతు నాలుగోసారి వచ్చింది. తాడు బిగిసింది, రాయి కదిలింది, దుమ్ము లేచింది. మనిషి కనిపించలేదు, శబ్దమే వినిపించింది. చివరికి పోయి, తిరుక్కుని, తన దుమ్ములోకి తనే మళ్లీ వచ్చేవాడు. ఎక్కడా గొంతు తడబడలేదు ఆ ఇంజను. విజిల్ ఊదేసరికి నాలుగువేల నూటపది అడుగులు. అప్పటికి అదే ఎక్కువ. అక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది, నవ్వుతోందో ఏడుస్తోందో పక్కవాళ్లకు తెలియలేదు.

ఆఖరి వంతు కిరణ్‌ది. కొత్త సిలిండరు వేయించిన బండి, ఫిల్టరు లేదు, నిండు వయసు రక్తం. మొదటి నుంచి పిచ్చి ఊపు. విజిల్ పడేసరికి నాలుగువేల నూట ఎనభై. గెలిచాడు. కుర్రాళ్లు ఎగిరి గంతులేశారు. డెబ్బై అడుగులు, ఉత్త డెబ్బై అడుగులు.

జయరాముడు తాడు విప్పాడు. కిరణ్ చెయ్యి వదిలేశాడు, అయినా బండి మోత తగ్గలేదు, పెరిగింది. కార్బొరేటర్‌లోకి పోయిన దుమ్ముకు చెయ్యి తిప్పితే పైకి లేచే లోపలి ముక్క పైనే ఇరుక్కుపోయింది. ఇంజను గొంతు చించుకుంటోంది. కిరణ్ బెదిరిపోయాడు. ఓబుళేసు పరుగెత్తి తాళం చెవి తిప్పి పీకేశాడు. నిశ్శబ్దం. కిక్కు మీద కాలేసి తొక్కితే దిగలేదు. పట్టేసింది. మిగతా బండ్లలో నాలుగు అప్పటికే పొగ కక్కుతున్నాయి.

బహుమతి కిరణ్‌కే ఇచ్చారు, న్యాయంగానే ఇచ్చారు. పిల్లవాడి మెడలో దండ, పక్కన కదలని బండి. ఓబుళేసు రెండో బహుమతి తువ్వాలు భుజాన వేసుకుని, తన బండిని ఒక్క కిక్కుతో లేపి, అక్కమ్మను ఎక్కించుకున్నాడు.

"ఓబుళేసూ, నిలుపు" అన్నాడు ఎర్రన్న. వేదిక దిగి వచ్చాడు. "ఆ డబ్బా విప్పు."

విప్పాడు. స్పాంజి బయటి వైపు రాతిపొడి రొట్టెలా అట్ట కట్టి ఉంది. ఎర్రన్న లోపలి వైపు వేలు పెట్టి రుద్ది, ఎండకు పట్టి చూశాడు. మళ్లీ రుద్ది చూశాడు. జిడ్డుందే గానీ నలుసు లేదు. చుట్టూ జనం మూగి చూస్తున్నారు. గర్వం ఉన్న మనిషి, మాట వెనక్కి తీసుకోవడం ఆయనకు మాత్రం తేలికా.

"ఏం నూనెప్పా ఇది?"

"ఆముదమన్నా. మా ఇంటామె చెప్పింది."

"మావోని బండి చూడప్పా నువ్వు. ఈ నూనె దానికీ పెట్టు."

జనంలో ఎవరూ నవ్వలేదు. అక్కడే తువ్వాలు పరిచి స్పానరు పట్టుకోవచ్చు, ఓబుళేసు చేతులు అందుకే ఆడుతున్నాయి కూడా. కానీ ఏడాది పాటు పడ్డ మాటలు గుర్తొచ్చాయి. నడివీధిలో పోయిన పేరు నడివీధిలోనే రావాలి.

"ఈడ గాదన్నా, దుమ్ము. నా అంగడి యాడుండాదో మీకు తెలుసు గదా. ఆడికి తోలుకోని రాండి."

అందరూ ఎర్రన్న ముఖం చూశారు. ఆయన "సరే పద" అని, కొడుకు వైపు తిరిగి, "నూకు" అన్నాడు.

అట్లా బయల్దేరారు. ముందు ఓబుళేసు, వెనక అక్కమ్మ. వాళ్ల వెనక దండతో కిరణ్, గెలిచిన బండిని నూకుతూ. దాని పక్కన ఎర్రన్న నడక. వాళ్ల వెనక పోటీకొచ్చిన జనమంతా. అంగళ్ల వాళ్లు మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. కంసాలి ఆంజనేయులు ఊదుగొట్టం పట్టుకునే బయటికొచ్చాడు. మేస్త్రీ కూడా చూశాడు. ఓబుళేసు ముఖం వెలిగిపోతోంది, దాచుకోవాలని చూసినా దాగడం లేదు. షెడ్డు దగ్గరపడుతోంది.

అక్కమ్మ వెనక నుంచి అతని వీపు మీద తట్టింది. "ఇంగా నిదానంగా పోనీ" అంది. "చూడనీ అందరూ."