కొల్లేట్లో వదిలిన జముకు

నిన్న మధ్యాహ్నం తూర్పుగాలి తిరిగింది. కొల్లేటి మీదుగా వచ్చే ఆ గాలికి నాచు వాసన, తడిసిన కిక్కిస గడ్డి వాసన ఉంటాయి. వంటింట్లో చారుకు పోపు పెడుతున్నాను. నడవా మూలనుంచి ఒక్క మూలుగు వినిపించింది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. ఆ మూల ఉన్నది భాగ్యమ్మగారి వీణ. ఆవిడ పోయి ఏడాది దాటింది. అప్పటినుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ మాటకొస్తే నా వీణనూ నేను ముట్టుకోలేదు. బళ్లో పిల్లలకు ఎలాగో పాఠం చెప్పి నెట్టుకొస్తున్నాను గానీ, ఇంటికొచ్చి పాడుకుందామంటే గొంతు పెగలదు. మూల వైపు చూస్తూ నిలబడిపోయాను. పోపు మాడిపోయింది.

ఏలూరు ఆడపిల్లల బడిలో సంగీతం టీచరుగా చేరిన కొత్తలో, కాలవ గట్టున ఆవిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. అద్దె మాట తరువాత, ముందు "ఏదీ, సా పట్టు" అన్నారు. పట్టాను. "గొంతు బాగానే ఉంది, చెవే లేదు. ఉండు, వస్తుంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది, కానీ ఉండిపోయాను. వీణలో ఆవిడ విద్వాంసురాలు, లక్షణ గ్రంథాలన్నీ నమిలి మింగిన మనిషి. చిన్నప్పుడే భర్త పోయారు. ఆవిడకున్న పిచ్చల్లా పల్లె వాయిద్యాలు. గ్రామఫోను వచ్చాక కథలవాళ్లను పిలిచేవాళ్లే కరువయ్యారు. వాళ్ల పంబలూ గుమ్మెటలూ అటకలెక్కి చెదలు పట్టేవి. వాటిని తాడేపల్లిగూడెంనుంచీ దెందులూరునుంచీ తెచ్చి, తోలు మార్చి, తీగ కట్టి, వాయించడం నేర్చుకునేవారు. మడి కట్టుకోవలసిన విధవ తోలు వాయిద్యాలు ఒళ్లో పెట్టుకుంటుందని వీధి వీధంతా బుగ్గలు నొక్కుకుంది. నూతి దగ్గర ఒకావిడ మొహంమీదే అడిగేసింది. "మీవాళ్లు నీ పెళ్లిలో పెట్టించిన మృదంగానికి వేసింది తోలు కాదుటే? అరటాకా?" అన్నారు భాగ్యమ్మగారు. ఆ నోటికి జడిసి మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

నాకు వీణలో తెలిసిందంతా ఆవిడ పెట్టిన భిక్షే. ఒక్కటి మాత్రం నేర్పలేదు. తెల్లవారుతుండగా తలుపేసుకుని తన కోసం తాను వాయించుకునే పాట ఒకటుండేది. ప్రతిసారీ ఒకచోటికి వచ్చి తడబడి ఆగిపోయేవారు. "నేర్పండి పిన్నిగారూ" అని ఎన్నిసార్లు వెంటపడ్డా "నాకే పూర్తిగా రాదే. తరువాత చూద్దాంలే" అని తప్పించుకునేవారు.

వాయిద్యాలన్నీ వెనకగదిలో మేకులకు వేలాడేవి. తూర్పుగాలి తిరిగిందంటే ఆ గదంతా గుసగుసలే. పట్టపగలైనా సరే, నేనొక్కదాన్నీ అందులో అడుగుపెట్టేదాన్ని కాదు.

"భయమెందుకే? చెమ్మకి తోలు సడలుతుంది, గాలికి తీగ కదులుతుంది. అంతేగా!" అన్నారు ఒకనాడు. మళ్లీ తనే, "ఆ చివరిది మాత్రం గాలి లేనప్పుడూ పలుకుతోంది. అదేమిటో నాకూ తెలియదు" అన్నారు.

ఆ చివరిది జముకు. మూరెడు చెక్క గొట్టానికి ఒకవైపు తోలు మూసి, తోలు మధ్యనుంచి నరంతో పేనిన తీగ లాగుతారు. చంకలో ఇరికించుకుని, తీగను బిగిస్తూ సడలిస్తూ మీటితే, ఎవరో దూరంనుంచి పేరు పెట్టి పిలిచినట్టు ఉంటుంది. అది కొల్లేటి లంకలో అమ్మవారి కథ చెప్పే నూకాలుది. నూకాలు పోగానే ఆమె అల్లుడు తెచ్చి ఇచ్చాడు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తెచ్చాడని అప్పుడు మాకు తెలియదు. "ఇంత పలుకున్నది నేనెక్కడా చూడలేదే!" అని భాగ్యమ్మగారు చిన్నపిల్లలా సంబరపడ్డారు. రోజూ దీపాలవేళ దాన్ని పట్టుకుని కూర్చునేవారు.

ఒక సాయంత్రం వాయిస్తూ వాయిస్తూ పాట ఎత్తుకున్నారు. ఆ గొంతు ఆవిడది కాదు. నీళ్లమీద దూరాన పోయే పడవను కేకవేసి పిలిచే గొంతు అది. అంతలో వీధిగుమ్మంలో ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు. వెళ్లి చూస్తే, చంకలో మూటతో ఒక పడుచు నిలబడి ఉంది.

"ఎవరమ్మా?"

"గౌరినండి. నూకాలమ్మ కూతుర్నండి. లోపల పాడేది మా అమ్మండి."

భాగ్యమ్మగారు బయటికి వచ్చారు. తాను పాడినట్టే ఆవిడకు తెలియదు. "నేనా? నేను పాడానా?" అని నా మొహంలోకి చూశారు.

"కథలో ఆ కట్టం అమ్మ నాకు కూడా చెప్పలేదండి. జాతర ఆఖర్రోజున చెబుతానంది. ఈలోగానే పోయిందండి" అంది గౌరి. అరుగుమీద కూర్చోమన్నా కూర్చోలేదు. "మా ఇంట్లో వాయించినోళ్లు పోతే, తీగ తెంపి జముకును కొల్లేట్లో వదిలెయ్యాలండి. అదుండగా వాళ్లూ ఎల్లరు, మేం జముకు పట్టడానికీ లేదు. మా ఆయన తెలీక తెచ్చి ఇచ్చేశాడు. జాతర దగ్గరికొచ్చేసిందండి. కథ ఎత్తుకుందామంటే నోట్లోంచి గాలే వత్తందండి. నేను చెప్పకపోతే ఇంకెవరూ లేరండి."

"నీళ్లలో వేస్తే కుళ్లిపోతుందే తల్లీ! నా దగ్గరుంటే నా తదనంతరం కూడా ఉంటుంది."

"ఆయ్, ఉంటదండి. పాడేవోళ్లే ఉండరండి."

భాగ్యమ్మగారు గౌరిని ఆ పూటకు ఉండమని అన్నం పెట్టించారు, తాను మాత్రం మెతుకు ముట్టలేదు. పొద్దున్నే కళ్లు వాచిపోయి బయటికి వచ్చారు. "సుందరీ, పడవ మాట్లాడు. దాచిపెడుతున్నాననుకున్నానే ఇన్నాళ్లూ. పూడ్చిపెడుతున్నాను" అన్నారు. అంత నోరుగల మనిషిని అలా చూడటం నావల్ల కాలేదు.

మిట్టమధ్యాహ్నానికి కొల్లేటి నడుమకు చేరాం. పెద్ద పడవ వెళ్లని చోట గౌరి మమ్మల్ని తాటిదోనెలోకి ఎక్కించుకుంది. గాలి లేదు. కిక్కిస దుబ్బుల్లో వందలకొద్దీ పక్షులున్నాయి, ఒక్కటీ కూయడం లేదు. జముకు చివరికి ఎవరి చేతికొచ్చిందో వాళ్లే తీగ తెంపాలి అంది గౌరి. భాగ్యమ్మగారు రొంటిన దోపుకున్న అడకత్తెర తీశారు. అది వాళ్లాయన వక్కలు కత్తిరించుకున్నది. ఆయన పోయాక ఆవిడ దాంతో తీగలు కత్తిరించేవారు.

నేను కళ్లు మూసుకున్నాను.

"తెరువు" అన్నారు నా వైపు చూడకుండానే. "తెంపేటప్పుడు కళ్లు మూసుకోకూడదు."

తెరిచాను. తీగ తెగింది. పక్షులన్నీ ఒక్కసారి లేచాయి, అప్పుడు కూడా కూత లేదు. ఆవిడ జముకును నీళ్లమీద పెట్టారు. చెక్క కదా, తేలాలి. తేలలేదు. కిందనుంచి ఎవరో రెండు చేతులా అందుకున్నట్టు నెమ్మదిగా దిగిపోయింది. అప్పుడు గౌరి నోరు తెరిచింది. ముందురోజు సాయంత్రం మా ఇంట్లో విన్న పాటే, తల్లి తనకు చెప్పలేదన్న ఆ కట్టమే, తడుముకోకుండా చివరికంటా పాడింది.

తిరుగుదారిలో భాగ్యమ్మగారు పాటను గుర్తు చేసుకోవాలని చూశారు. "ఒక్క ముక్క కూడా రావడం లేదే!" అని నవ్వారు. కళ్లవెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆ ఏడు జాతరలో గౌరి కథ చెప్పిందని తెలిసి వీధి వీధంతా బెల్లం పంచారు. వెనకగదిలో ఆ మేకును మాత్రం ఖాళీగానే ఉంచారు.

పోయేముందు తన వీణా అడకత్తెరా నాకిమ్మని చెప్పి వెళ్లారు. ఇన్నాళ్లూ నేను ఊరుకున్నది రెండూ ఎందుకిచ్చారో తెలియక కాదు. ఆ వీణ తీగ తెంపితే ఆవిడ నిజంగానే వెళ్లిపోతారు. నా భయమంతా అదే.

నిన్న, మాడిన పోపు దింపి, చేతులు కడుక్కుని ఆ మూలకు వెళ్లాను. నేను చెయ్యి వేయకముందే మంద్రం తీగ వణుకుతోంది. "వస్తున్నా పిన్నిగారూ" అన్నాను. కళ్లు తెరుచుకునే, అడకత్తెరతో ఆ తీగ తెంపాను. ఇల్లంతా ఒక్కసారి ఖాళీ అయింది. కూర్చుని కరువుతీరా ఏడ్చాను. తరువాత నా వీణ తీసి, దుమ్ము తుడిచి, శ్రుతి చేసుకున్నాను. ఏం వాయించాలో అనుకోలేదు. తలుపేసుకుని ఆవిడ వాయించుకునే ఆ పాట నా వేళ్లకు వచ్చింది. ఆవిడ ఎప్పుడూ ఆగిపోయే చోటికి చేరింది. నా వేళ్లు ఆగలేదు.