నా మొదటి గడ్డమూ, మహేంద్రతనయ నీళ్లూ

మా చిన్నప్పుడు పాతపట్నంలో, బ్లేడు పారేయడమంటే ఏమిటో మా ఇంట్లో తెలియదు... మా నాన్న ఒకే బ్లేడుని గాజు గ్లాసు లోపలి గోడకి రుద్ది రుద్ది పదును పెట్టేవాడు. కీచుమని చప్పుడు వచ్చేది. ఆ రోజు నన్ను పెరట్లో పీట మీద కూర్చోబెట్టి ఆ చప్పుడు చేస్తుంటే, అది నా మొహం కోసమేనని తెలిసి పీట అంచు గట్టిగా పట్టుకున్నాను.

అరవైలు అయిపోవస్తున్న రోజులు. నాకు మీసం కన్నా ముందు మొటిమలు మొలిచాయి. నుదుటి మీద, బుగ్గల మీద, గడ్డం కింద... ఎర్రగా, కొన్ని చీము పట్టి. అమ్మ జాజికాయ సానరాయి మీద అరగదీసి పూసేది. నేను చాటుగా గిల్లేవాణ్ణి. మా మావ కొడుకు రత్నరాజు ఊరుకునేవాడా...

"ఏట్రా బావా, ఎంతమంది గుంటలు మనసు పడ్డారేటి నీ మీద? మొకం మీద సోటు సాలట్లేదు!"

గుంటలంటే మా వైపు ఆడపిల్లలు. నవ్వేసేవాణ్ణి. కానీ మా చర్చి సంఘంలో పెద్దలు కొందరు ఇంకో మాట అనేవారు. లోపల చెడు తలంపులుంటే అవే మొహం మీదికి పొంగుతాయని. మిత్రులారా, నేను బడిలో పెద్దగా చదవలేదు. బైబిలు వాక్యం మీద వేలు పెట్టి, అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎన్నిసార్లు వెతికినా ఆ మాట నాకు కనపడలేదు! ఎక్కడ రాసి ఉంది? పిల్లాడి చర్మం చూసి తీర్పు చెప్పే అధికారం వాళ్లకి ఎవరిచ్చారు?... పోనివ్వండి. ఇప్పుడు అరిచే ఓపిక కూడా లేదు.

ఆ ఆదివారం నా బాప్తిస్మం. మా ఈడు కుర్రాళ్లందరం కలిసి మా ఊరి ఏట్లో, మహేంద్రతనయలో మునగాలి. అందుకే నాన్న రెండు మూడు రోజుల ముందే బ్లేడు తీశాడు.

"నీట్లోకి దిగినోడి మొకం అద్దంలా ఉండాల్రా. కదలకు."

చన్నీళ్లు, బట్టల సబ్బు నురగ. కింది నుంచి పైకి, వెంట్రుకకి ఎదురు లాగాడు. మొటిమ అడ్డొస్తే దాన్నీ కలిపి లాగాడు. ప్రేమతోనే లాగాడు, పాపం... ఆ తర్వాత పటిక రుద్దాడు. నాకు చుక్కలు కనపడ్డాయి.

మర్నాటికి మొహం భగభగ మండింది. ఆ పైన గడ్డమంతా చీముపొక్కులు లేచాయి, ఒళ్లు వెచ్చబడింది. పక్కింటి అప్పలనరసమ్మ నిప్పు కోసం వచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓలప్పా! నీ గుంటడికి అమ్మోరొచ్చినాదే! నీల్లు పొయ్యకు, తాలింపు ఎట్టకు!"

మశూచి భయం అప్పటికింకా ఊళ్లలోంచి పోలేదు. మా వైపు అమ్మోరంటే ఆ పొక్కులూ, ఆ దేవతా ఒకటే. అమ్మోరు సోకిన ఒంటికి నీళ్లు తగలకూడదు, ఆ ఇంట్లో పోపు వాసన రాకూడదు. ఆ మధ్యాహ్నం పప్పులో ఒక్క ఆవగింజ కనపడలేదు. నా తలగడ పక్కకి వేపమండ వచ్చింది. నాన్న అది చూసి అమ్మని అడిగాడు.

"ఓలి, మనం ప్రభువుని నమ్ముకున్నోలం కాదేటే?"

"నమ్ముకున్నాం. నానేటి కాదన్నానా? మనం నమ్ముకున్నామని ఆ తల్లి ఊరిడిసి ఎలిపోనాదేటి?"

నాన్న వేపమండని అక్కడే వదిలేసి పెరట్లోకి వెళ్లాడు. ఇన్నేళ్లు ప్రసంగాలు చేసిన నేనూ అమ్మ ప్రశ్నని ఇంకా మోస్తూనే ఉన్నాను.

ఆదివారం అందరూ పాటలు పాడుకుంటూ మా వీధిలోంచే ఏటికి వెళ్లారు. తెల్లచొక్కా వేసుకున్న రత్నరాజు మా కిటికీ వైపు తల తిప్పకుండా పోయాడు. భయం... వాణ్ణేమంటాం? కానీ మంచం మీద నాకు ఒకటే అనిపించింది. పెద్దలు చెప్పిందే నిజం, దేవుడు నా మొహం చూసి నన్ను వద్దన్నాడు. దురద పెడితే అమ్మ కూడా వేపమండతోనే నిమిరేది, చేత్తో కాదు.

పొక్కులు పక్కులు కడుతున్నప్పుడు, ఏదో మామూలు రోజున పొద్దున్నే మా పాస్టరు అయ్యగారు వచ్చారు. నన్ను వెలుతురులోకి రమ్మని, వంగి చూశారు.

"అమ్మోరైతే కాల్లూ సేతులూ ఇడిసేసి ఒక్క గెడ్డం మీదే కూకుంటాదేటమ్మా? బ్లేడు ఎంతమేర తిరిగినాదో, పొక్కులు అంతమేరే ఉన్నాయి."

నాన్న తల దించుకున్నాడు.

"నీల్లు తగిల్తే ఏటైనా అయితేనో..." అంది అమ్మ.

"అయితే నాకవుతాది. నడవరా బాబూ."

ఏట్లో పాటల్లేవు, జనం లేరు. బట్టలుతుకుతున్నవాళ్లు చేతులాపి చూస్తున్నారు. ఒడ్డున అమ్మా నాన్నా. మునిగేటప్పుడు ముక్కులోకి నీళ్లు పోకుండా అయ్యగారు రుమాలుతో మొహం మూయడం మా దగ్గర పద్ధతి. ఆ రోజు ఆయన జేబులోంచి రుమాలు బయటికి తియ్యలేదు. ఉత్త అరచెయ్యి... ఆ పక్కుల మీద, ఆ చీము మీద, నిండుగా వేసి నన్ను వెనక్కి వాల్చారు. నీళ్ల కింద నాకు ఇంకేమీ తెలియలేదు, ఆ చెయ్యి తప్ప.

ప్రభువు కుష్ఠురోగిని చెయ్యి చాపి ముట్టుకున్న సంగతి మీద ఊరూరా తిరిగి, గొంతు పోయేలా చెప్పాను. ఆ అరచెయ్యి చెప్పినంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఇప్పుడు మా మనవడిది అదే వయసు. అద్దం దగ్గర క్రీములున్నాయి, చర్మం డాక్టరున్నాడు, ఎప్పటికప్పుడు కొత్త బ్లేడుంది. గోరువెచ్చటి నీళ్లతో తడిపి, వెంట్రుక వాలిన దిక్కుకే గియ్యాలనీ, మొటిమని గిల్లకూడదనీ వాడికి తెలుసు. మంచిదే... దేవునికి స్తోత్రం. కానీ ఫోటోలో మొహం నున్నగా చేసుకుని పెట్టి, ఇంట్లో తలుపు వేసుకుంటాడు. నిన్న బుగ్గ మీద చెయ్యి వెయ్యబోతే, "తాతా, చేతులు కడుక్కున్నావా?" అన్నాడు. కడుక్కుని వచ్చేసరికి తలుపు మూసి ఉంది.

మీ మొహాన్ని మీరే చూసుకోలేని రోజుల్లో, దాని మీద చెయ్యి వేసినవాళ్లు మీకెవరైనా ఉన్నారా... ఉంటే వాళ్ల గురించి కింద రాయండి. ఈ తలుపు బయట కూర్చుని చదువుకుంటాను.