సుబ్బరాయన్ రాశిసంచి

తొప్పూరు కొండదారి కింది పల్లెల్లో తప్పిపోయిన టర్కీ కోడిని పట్టడంలో సుబ్బరాయన్‌ను మించినవాడు లేడు. ఆ సుబ్బరాయన్‌ను ఇంటి గడప దాటించడం మాత్రం ఎవరి తరమూ కాదు. తన రాశిసంచిలో ఉండవలసిన వస్తువులన్నీ ఉన్నాయని తేలితే తప్ప ఆయన అడుగు బయట పెట్టడు. అక్కడి తెలుగువాళ్లు అదృష్టాన్ని రాశి అంటారు. కొందరికి చేతిలో రాశి ఉంటుంది, కొందరికి ముఖంలో ఉంటుంది. సుబ్బరాయన్‌కు సంచిలో ఉండేది.

టర్కీ కోడిని ఆ పక్క వాన్‌కోళి అంటారు. నాటుకోడి ఎటు పోయినా పొద్దుగూకేసరికి గూటికి చేరుతుంది. వాన్‌కోళి అట్లా కాదు. దారి తప్పితే, ఆ తప్పిన దారే తనదనుకుని మెడ నిక్కించి దర్జాగా కొండెక్కేస్తుంది. పెంచుకునేవాళ్లు లబోదిబోమంటూ సుబ్బరాయన్‌కు ఫోను చేస్తారు. ఆయన "వస్తాండాను" అంటాడు. అన్నాక గంట పడుతుంది. కోడి దొరకడానికి కాదు, సంచి సర్దుకోవడానికి.

సంచిలో ఏముండేవంటే, మెడ వంకరపోయిన ఇత్తడి గరిటె ఒకటి. సగం పళ్లు ఊడిన ఎర్ర దువ్వెన. అరిగి అరిగి చింతగింజంత మిగిలిన పెన్సిలు రబ్బరు. ఇవి గాక కాళ్లకు రెండు రంగుల చెప్పులు, ఎడమది నల్లది, కుడిది నీలం. ఆయన తల కోడిగుడ్డంత నున్నగా ఉంటుంది కాబట్టి, దువ్వెన చూసి నవ్వని మనిషి ఆ చుట్టుపక్కల లేడు.

ఎన్నికలప్పుడు రోడ్డు మీద తనిఖీ చేస్తున్న పోలీసు ఒకడు ఆ సంచిని బోర్లించి అడిగాడు: "ఇదేంది, గరిటె?"

"అవును సార్. వాన్‌కోళి పట్టేదానికి."

"దీంతో కొడతావా?"

"అయ్యో, దెబ్బ తగల్దా సార్ పాపం!"

"మరి దువ్వెన? నీకు వెంట్రుకే లేదే!"

"నాకు గాదు సార్, రాసికి."

పోలీసు చాలాసేపు ఆయన తల వంకే చూసి, సంచి తిరిగి సర్ది, చేతులెత్తి నమస్కారం పెట్టి పంపించాడు.

ఒకసారి ఏరియూరులో ఎవరిదో పెద్ద పుంజు పోయింది. సుబ్బరాయన్ రెండు బస్సులు మారి అక్కడికి చేరాక, రబ్బరు మరిచిపోయినట్టు తెలిసింది. దిగిన కాళ్లతోనే మళ్లీ బస్సెక్కాడు. ఇల్లు చేరి, రబ్బరు సంచిలో వేసుకుని మళ్లీ ఏరియూరు పోయేసరికి పుంజు దానంతటదే వచ్చి పెరట్లో నిలబడి ఉంది.

"చూసినారా?" అన్నాడు సుబ్బరాయన్, రొమ్ము విరిచి. "రబ్బరు బస్సెక్కిందని తెలిసినట్టుండాది దానికి!"

ఆయన భార్య మారమ్మ ఈ సంగతులు చెప్పి చెప్పి నవ్వేది. "పెండ్లినాటికి ఈ సంచి లేదమ్మా. ఉండింటే పందిట్లోనించే పరుగెత్తి పోయింటాను."

మోహనప్రియ కూడా అందరితోపాటు నవ్వేది. ఆమెకు సుబ్బరాయన్ వరసకు మామ. తన కోళ్లు కొండెక్కేదాకా ఆమెకు ఆ సంచి వట్టి తమాషాగానే ఉండేది.

మోహనప్రియ ఊరికే ఉండే మనిషి కాదు. మొదట పుట్టగొడుగులు పెంచింది, అవి కుళ్లిపోయాయి. కౌజు పిట్టలు తెచ్చింది, కరెంటు పోయి పిల్లలన్నీ చలికి చచ్చాయి. కుట్టుమిషను పెడితే, మొదటి జాకెట్టు కుట్టించుకున్న ఆమెకు రెండు చేతులూ పట్టలేదు. దాంతో ఊరు తీర్పు చెప్పేసింది: మోహనప్రియ చేతికి రాశి లేదు. కొత్తగా ఏదైనా మొదలుపెట్టేవాళ్లు ఆమెను పిలవడం మానేశారు. ఆమె కూడా నిజమే కాబోలనుకుని వెళ్లడం మానేసింది. బస్సు కండక్టరు పని చేసే భర్త ప్రభు ఒక్కడే నమ్మలేదు. "ఈసారి వాన్‌కోళ్లు పెడదాం, అవి దేనికీ భయపడవు" అన్నాడు. ఆ మాట మాత్రం నిజం. గాలివానకు వల కంచె కూలినప్పుడు అవి ఏమాత్రం భయపడకుండా, మందకు మందా లేచి కొండెక్కాయి. కుంటి పెట్ట ఒకటి మాత్రం మిగిలింది, అదీ ఎక్కలేక.

తెల్లవారి ఆ ఖాళీ షెడ్డు చూసి మోహనప్రియ తల పట్టుకుంది. ప్రభు బెంగుళూరు బస్సులో డ్యూటీ మీద ఉన్నాడు. సుబ్బరాయన్‌కు ఫోను చేసింది.

"మామా! కోళ్లన్నీ పోయినాయి! సీక్రం రండి!"

"ఏడవద్దు పాపా. నువ్వే బండి తీసుకోని రా. అంతలో నేను సంచి సర్దుకుంటాను."

సంచి అనే మాట వినగానే ఆమె రెండోసారి తల పట్టుకుంది.

ఆమె స్కూటరు మీద చేరేసరికి సుబ్బరాయన్ తిన్నె మీద కూర్చుని హాజరు తీసుకుంటున్నాడు. మారమ్మ పక్కన నిలబడి పలుకుతోంది.

"దువ్వెన?"

"ఉండాది."

"రబ్బరు?"

"ఉండాది."

"గరిటె?"

మారమ్మ వీధి చివరి వైపు చూసింది.

"ఏమ్మే, గరిటె యాడ?"

"సెల్లమ్మాళక్క తోమిస్తానని తీసుకోని పోయింది గదా."

"అయితే దావలో ఆమింటి దగ్గర ఆగాల" అన్నాడు సుబ్బరాయన్, లేచి సంచి భుజాన వేసుకుంటూ.

"మామా, ఈ ఒక్కసారికి గరిటె లేకుండా పోదాం" అంది మోహనప్రియ.

"పోవచ్చు. పోతే కోళ్లు రావు."

"గరిటె ఉండేది లేంది కోళ్లకెట్లా తెలుస్తాది మామా?"

"కోళ్లకి తెలీదు పాపా. రాసికి తెలుస్తాది."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "నా బతుకే కొండెక్కి కూర్చోనుండాది, మీకు గరిటె కావాల్నా!"

సుబ్బరాయన్ స్కూటరు వెనక సీటు తుడుచుకుని కూర్చున్నాడు.

సెల్లమ్మాళ్ ఇల్లు వీధి చివర. ఆ ముసలామె వాకిట్లో నిలబడి దారి చూస్తోంది. చేతిలో గరిటె బంగారంలా మెరిసిపోతోంది.

"వచ్చినావా నాయనా! చింతపండు ఏసి తోమినాను, చూడు. కొండ మీదికి కోళ్లు పోయినాయని విన్నప్పట్నించీ నీకోసరమే కాసుకోనుండాను. నా గరిటె లేకుండా నువ్వు యాడికి పోతావు?"

"అదే పెద్దమ్మా నేనూ చెప్తా ఉండాను" అన్నాడు సుబ్బరాయన్, గరిటెను రెండు చేతులతో అందుకుంటూ.

అంతలో పక్కింటి బాలాజి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. "అవ్వా, కొత్త ట్రాక్టరు తెచ్చేదానికి పోతాండాను. ఒక్కసారి ఎదురు రావా?"

సెల్లమ్మాళ్ నవ్వుతూ చీర సర్దుకుని, వీధి ఆ చివరికి నడిచి, తిరిగి అతని ఎదురుగా వచ్చింది. బాలాజి కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు.

మోహనప్రియ స్కూటరు స్టార్టు చేయడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది. ఆమె ఈ ఊరికి కోడలుగా వచ్చిన కొత్తల్లో ఇదే ముసలామె ఎదురైతే జనం వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయలుదేరేవాళ్లు. భర్త పోయిన మనిషని, ఎదురైతే పని చెడుతుందని. ఆ బాధకు సెల్లమ్మాళ్ పగటిపూట వాకిలి తలుపు తీసేదే కాదు. అది ఎప్పుడు మారిందో మోహనప్రియ గమనించనే లేదు.

కొండ వైపు పోతూ అడిగింది. "మామా, ఆ దువ్వెన ఎవురిది?"

"మంగలి వేడియప్పన్‌ది."

వేడియప్పన్ చేత గడ్డం గీయించుకున్న పెళ్లికొడుకు ఒకడికి పీటల మీద పెళ్లి ఆగిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు పెళ్లికాని మగవాళ్లు ఆయన కొట్టు వైపు తొంగి కూడా చూడలేదు. ఇప్పుడేమో ముహూర్తాల రోజుల్లో అక్కడ కూర్చోవడానికి చోటుండదు.

"రబ్బరు?"

"మన కీర్తికది."

ప్లస్ టూ పరీక్ష మళ్లీ మళ్లీ తప్పి, ఇక రాయనని పుస్తకాలు కట్టగట్టేసిన పిల్ల కీర్తిక. సుబ్బరాయన్ వెళ్లి ఆమె రబ్బరు అడిగి తెచ్చుకున్నాడు. అది సంచిలోకి వచ్చాక వరసగా మూడు పుంజులు దొరికాయని ఊరంతా చెప్పాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆ పిల్ల ఇంకోసారి పరీక్ష రాసింది. ఇప్పుడు ధర్మపురిలో నర్సు చదువుతోంది.

"ఆ నీలం చెప్పు ఎవురిది మామా?" ఆమె గొంతు మెత్తబడింది.

"అది నాదే పాపా. దాని జత తెగిపోయినాది."

కొండ కింద స్కూటరు నిలిపి ఇద్దరూ బోడ గుట్ట ఎక్కారు. చుట్టూ ముళ్లపొదలు తప్ప ఏమీ కనిపించలేదు. సుబ్బరాయన్ చేయెత్తి ఆగమన్నాడు. కింద హైవే మీద మలుపు తిరుగుతున్న లారీ ఒకటి గట్టిగా హారన్ కొట్టింది. వెంటనే పైన ఎడమ పక్క పొదల్లోంచి "గుళగుళగుళ!" అని జవాబు వచ్చింది.

"అదో! పుంజులకి హారన్ పడదు. ఎవడో మాటకి మాట చెప్తాండాడనుకుంటాయి" అన్నాడు. తర్వాత నోటి దగ్గర చేతులు పెట్టుకుని తానూ "గుళగుళగుళ" అన్నాడు. అచ్చం వాటి గొంతే. పొదల్లోంచి పెద్ద పుంజు తోక విసనకర్రలా విప్పుకుని, ముఖం ఎర్రగా చేసుకుని, కొట్లాటకు వచ్చినట్టు బయటికొచ్చింది. దాని వెనకే పెట్టలన్నీ వరసగా వచ్చాయి.

సుబ్బరాయన్ సంచి గలగలలాడిస్తూ ముందు నడిచాడు. పుంజు ఆయన వెనక, మంద పుంజు వెనక, మోహనప్రియ మంద వెనక. పెళ్లి ఊరేగింపు లాగా కొండ దిగారు. హైవే పక్కన లారీలవాళ్లు బండ్లు ఆపి ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. వెనకనుంచి వస్తున్న మోహనప్రియకు మాత్రం వాళ్లకు కనపడనిది ఒకటి కనపడింది. సుబ్బరాయన్ కుడి చేయి సంచి ఊపుతుంటే, ఎడమ చేయి జేబులోంచి మొక్కజొన్న గింజలు ఒక్కొక్కటిగా జారవిడుస్తోంది.

మందంతా షెడ్డులో చేరింది. రెండు మాత్రం రాలేదు. వాటి ఆశ వదులుకోమని, దారిలో ఢాబాలున్నాయని సుబ్బరాయన్ చెప్పాడు. ఇద్దరూ కలిసి వల కంచె ఎత్తి కట్టారు. ఆయనకు మజ్జిగ ఇస్తూ మోహనప్రియ అంది.

"మామా, మక్కచోళం చూసినాను."

సుబ్బరాయన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చూసేసినావా? మెల్లగా, పాపా. బయట చెప్పొద్దు."

"మరి సంచి ఎందుకు?"

"చోళం జేబులో పెట్టుకుంటే సరిపోతాది. సంచి ఖాళీగా మోసేది ఎట్లా?" అని మజ్జిగ గుటగుటా తాగేశాడు. మూతి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు చెయ్యి చాచాడు. "నీది ఏమన్నా ఒకటి ఇయ్యి."

మోహనప్రియ ముఖం చిన్నబోయింది. "నాది వద్దు మామా. నా చేతికి రాసి లేదు."

"ఎవురు చెప్పినారు?"

"అందరూ చెప్తారు. నేనూ చెప్తాను."

"అందరి నోరు నేను మూయిస్తాను, దానికి ఒక వస్తువు చాలు. నీ నోరు మాత్రం నువ్వే మూసుకోవాల."

ఆమెకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. నవ్వే వచ్చింది. జడ నుంచి పచ్చ క్లిప్పు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, నగ చూసినట్టు చూసి, సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే బి. మల్లాపురం నుంచి తొప్పూరు దాకా వార్త పాకింది. కొండెక్కిన మందకు మందా మోహనప్రియ చేతి రాశికి తిరిగి వచ్చిందట. ఆమె వస్తువు దొరికాక సుబ్బరాయన్‌కు ఇక ఎదురే లేదట. ఎవరు చెప్పారని అడిగితే, అందరూ ఇంకొకరి పేరు చెప్పారు.

తర్వాతి శుక్రవారం పొద్దున్నే మలర్ అనే ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడింది. బస్టాండు దగ్గర కొత్తగా టీ కొట్టు పెడుతోంది.

"అక్కా, నువ్వొచ్చి మొదటి పొయ్యి వెలిగించాల. నీ చెయ్యి మంచి రాసి అంట గదా."

మోహనప్రియ తలుపు పట్టుకుని ఇంట్లోకి చూసింది. డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోతున్న ప్రభు లోపలినుంచి "పో, పో" అన్నాడు.

ఆమె పట్టుచీర కట్టుకుని వెళ్లింది. అగ్గిపుల్ల గీసింది. అది విరిగింది. ఇంకొకటి గీస్తే ఆరిపోయింది. మలర్ గుండెలు పట్టుకుంది. ఆ తర్వాతి పుల్లకు గ్యాసు భగ్గున అంటుకుంది. పాలు పెట్టారు. చుట్టూ చేరినవాళ్లు ఆమెను వాన్‌కోళ్ల కథ చెప్పమన్నారు. ఆమె పుంజులాగా గొంతు పెట్టి "గుళగుళగుళ" అని చూపిస్తుంటే, పొయ్యి సంగతి అందరూ మరిచిపోయారు. పాలు బుసబుసా పొంగి, గిన్నె అంచులు దాటి, పొయ్యిని ఆర్పేసి, బల్ల మీదుగా కిందికి కారాయి.

మోహనప్రియ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బిక్కచచ్చిపోయింది.

మలర్ మాత్రం రెండు చేతులూ జోడించి ఎగిరి గంతేసింది. "పొంగినాయి! చూడండి, పాలు పొంగినాయి! ఏం చెయ్యక్కా నీది!"

మోహనప్రియ ఒక్క క్షణం తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత పైట నడుముకు బిగించి, గుడ్డ అందుకుని బల్ల తుడుస్తూ, "ఇంకో లీటరు పాలు పెట్టు మలర్" అంది. "బస్సు వచ్చే టైమయింది."