శాలువా కప్పి ఆపిన మాట

మావారు ఇంగ్లండు మనిషి. హాస్యం ఆయన వృత్తి. వయసులో ఉన్నప్పుడు లండన్ పబ్బుల మేడమీద గదుల్లో, బొగ్గుగనులు మూయించిన ప్రభుత్వాన్ని నిలబెట్టి కడిగి పేరు తెచ్చుకున్నారు. టీవీవాళ్ళు పిలిచారు. యుద్ధం గురించిన ఒక మాట తీసేయమన్నారు. ఈయన తీయలేదు, వాళ్ళు మళ్ళీ పిలవలేదు. నాకు సిడ్నీలో లైబ్రరీ ఉద్యోగం వస్తే నాతో వచ్చేశారు. ఇక్కడా పబ్బులే, జనం ఇంకా తక్కువ. ఆయన మీద సీసాలు విసిరినవాళ్ళున్నారు, మైకు కట్టేసినవాళ్ళున్నారు. అవన్నీ ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేవారు.

ఆయన నోరు నిజంగా మూయించింది మా తెలుగువాళ్ళే.

క్వేకర్స్ హిల్ హాల్లో ఉగాది కార్యక్రమానికి ఇక్కడి తెలుగు సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు.

“అక్కా, బావగారు కాసేపు కామెడీ చేస్తే మన ప్రోగ్రామ్‌కి వెయిట్ వస్తుంది. కాకపోతే ఫ్యామిలీ ఆడియన్స్ కదా, కొంచెం చూసుకోమనండి.”

“ఆయన బూతులు మాట్లాడరు తమ్ముడూ.”

“బూతులైతే ఫర్లేదక్కా, ఆ యాక్సెంట్ మన పెద్దాళ్ళకి అర్థమై చావదు. పాలిటిక్సే వద్దు. ఎంపీగారు వస్తున్నారు.”

శరణార్థుల పడవలను వెనక్కి పంపిస్తానని, దిగినవాళ్ళని క్యాంపుల్లో పెడతానని చెప్పి గెలిచిన ఇక్కడి ఎంపీ ఆయన. ముందువరసలో కూర్చున్నాడు.

మావారు మైకు అందుకున్నారు. “మావాళ్ళు మీ ఇండియాకి పడవల్లోనే వచ్చారు. వీసాలు లేవు. వచ్చినవాళ్ళం రెండొందల ఏళ్ళు కదల్లేదు. అయినా మీరు మమ్మల్ని ఏ క్యాంపులోనూ పెట్టలేదు” అన్నారు. హాలంతా నవ్వింది. ఎంపీ కూడా నవ్వాడు. “ఇప్పుడు మీ సంగతికొద్దాం” అని ఆయన ముందువరస వైపు తిరిగేసరికి కార్యదర్శి శాలువాతో స్టేజి ఎక్కాడు.

మన సభల్లో ఎవరి ప్రసంగమైనా ఇబ్బందిగా మారితే ఆపమని చెప్పం. సన్మానం చేస్తాం. శాలువా, పూలగుత్తి, ఫోటో, చప్పట్లు. ఆ తరువాత మాట్లాడబోతే ఆ మనిషే మర్యాద తెలియనివాడవుతాడు.

కారులో శాలువా ఒళ్ళో పెట్టుకుని అడిగారు. “నన్ను గౌరవించారా, గెంటేశారా?”

“రెండూ.”

ఈసారి ఆయన నవ్వలేదు. ఆగిపోయిన మాట నాకు చెప్పారు. దాన్ని పబ్బుల్లో ఎక్కడా వాడలేదు. అది ఆ హాల్లోవాళ్ళకే చెప్పాల్సిన మాట అన్నారు. మరుసటి ఉగాదికి ఇంకొక్క అవకాశం ఇమ్మని కార్యదర్శిని నేనే అడిగాను. “చూద్దామక్కా” అన్నాడు. ఆ తరువాత ఏటా అదే జవాబు.

పోయిన చలికాలంలో ఊపిరితిత్తుల జబ్బుతో మావారు పోయారు. సంఘం అదే హాల్లో సంతాపసభ పెట్టింది. ఆయన ఒక్క మాట కూడా పూర్తిగా విననివాళ్ళు వరసగా లేచి, చాలా జోవియల్ పర్సన్ అని చెప్పి కూర్చున్నారు. నేను వెళ్ళింది ఆ ఒక్క మాట పూర్తిచేయడానికి.

పడవల సంగతి చెప్పాను. అందరూ మళ్ళీ నవ్వారు, ఈసారి జాలిగా. “ఇప్పుడు మీ సంగతికొద్దాం” అనగానే కార్యదర్శి కుర్చీలోంచి లేచాడు. చేతిలో మడతపెట్టిన శాలువా. నేనే మెడ వంచాను. కప్పించుకున్నాను. ఫోటో తీయనిచ్చాను. మైకు మాత్రం వదల్లేదు.

“మీరు విమానాల్లో వచ్చారు. పౌరసత్వం తీసుకున్నారు. తీసుకోగానే వెనక వచ్చేవాళ్ళకి తలుపు మూయమని ఓటేశారు. అభినందనలు. ఇప్పుడు మీరు అచ్చమైన బ్రిటిష్‌వాళ్ళు.”

ఎవరూ నవ్వలేదు. ఎవరికీ కోపమూ రాలేదు. ఒక నిమిషం మౌనం పాటించి భోజనాలకి లేచారు.

వరసలో ఒకమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. “బాధలో ఉన్నారు కదా ఆంటీ, ఏదో అనేశారు. ఎవరూ ఏమీ అనుకోలేదు.”

“అనుకోవాలనే అన్నానమ్మా.”

“అయ్యో, అంత ఫీలవ్వకండి” అని నా పళ్ళెంలో ఇంకో గారె వేసింది.