కేస్లీ కుట్టిన తలపట్టీలు

మా అత్త కేస్లీ చేతిలో సూది ఉంటే ఎవరి మాటా వినదు. ఇల్లందు దగ్గరి మా తండాలో అద్దాలు, పూసలు, గవ్వలు పెట్టి కుట్టే పని ఇంకా బతికి ఉందంటే అది ఆమె మొండితనమే. బట్ట మీద గీత గీయదు, దారాలు లెక్కపెడుతుంది. లెక్క తప్పితే మొత్తం విప్పి, పక్కనున్న వాళ్ళను తిడుతుంది. ఎక్కువగా నన్నే.

గోదావరి ఒడ్డున కొత్తగా వెలిసిన రిసార్టు నుంచి ఆర్డర్ తెచ్చింది నేనే. మా ఆడవాళ్ళ తలగుడ్డకు నుదుటి మీద వచ్చే పట్టీలు, పన్నెండు. దేనికని అత్త అడిగితే "డెకరేషన్‌కి" అన్నాను. కుషన్లకని నాకు తెలుసు. చెప్తే ముట్టదనీ తెలుసు.

మూడు నెలలు కుట్టింది. ఒక్కో పట్టీ పూర్తి కాగానే తన తల మీద పెట్టుకుని, గవ్వలు కనుబొమల మీదికి సరిగ్గా జారాయో లేదో చూసుకునేది. నాకు సిగ్గేసేది. అయినా నోరు విప్పలేదు.

పోయిన నెల ఫోటోకని మేనేజర్ వెంకటకృష్ణ మమ్మల్ని పిలిచాడు. హాల్లో ఒక పెద్దమనిషి అత్త పట్టీ కుట్టించిన కుషన్ మీదే కూర్చుని టీ తాగుతున్నాడు.

"లే సారూ," అంది అత్త. "మా అమ్మ తల మీద కూసున్నవ్."

ఆయన కప్పుతో సహా లేచాడు. మేనేజర్ నవ్వబోయాడు. "కుషనే కదమ్మా!"

"అట్లనా? నీ పెండ్లి తలపాగా తే, నేను గూసుంట."

"ఇట్ల చేస్తే ఇంకో ఆర్డర్ రాదు."

"రాకుంటే ఏంది? నీ పైసలు నీకాడనే ఉంచుకో. నా సూది నీ ఆర్డర్‌తోని పుట్టలే."

అక్కడే నేల మీద చతికిలబడి, నడుము సంచిలోంచి కత్తెర తీసి, కుషన్ల మీంచి పన్నెండు పట్టీలూ ఊడదీసింది. ఒక్క పూస రాలనివ్వలేదు. ఎవరూ ఆపలేదు. ఆపే ధైర్యం ఎవరికుంది?

బయటికొచ్చాక నా వైపు తిరిగింది. "నీకు ముందే ఎరుక కదా?"

"అవ్, అత్తా."

తిడుతుందనుకున్నాను. ఒక పట్టీని నా చీర కొంగుకు నాలుగు కుట్లేసి, కొంగు నా తల మీదికి లాగింది. "తెచ్చినదానివి నువ్వే. మొయ్."

పెళ్ళయి పదేళ్ళు. బస్సులో నలుగురూ చూస్తారని నేనెప్పుడూ కట్టనిది అదే. ఆ రోజు బస్సంతా చూసింది. ముందు సీటామె, "ఏందమ్మా, డ్యాన్స్ ప్రోగ్రామా?" అంది.

గవ్వలు సర్దుకుని చెప్పాను: "కాదు. ఇంటికి పోతున్నం."