కల్వర్టు కింది అతుకు

మా అత్త పోయిన పదకొండో రోజున, ఆవిడ ప్రాణం తీసిన నీళ్లను ఒక మనిషి చేత నలుగురిలో తాగించాలని నిర్ణయించుకున్నాను. ఆ మనిషి మా వీధికి మంచినీళ్ల పైపు వేసిన కాంట్రాక్టరు.

మా ఇల్లు కంచరపాలెంలో, రైలు పట్టాలకీ ఊరి మురుగు పారే గెడ్డకీ మధ్య ఉంది. తుఫాను వానకు గెడ్డ పొంగి వీధంతా మోకాలి లోతు మురుగు నిలిచింది. మరుగుదొడ్ల గోతులు నిండి పైకి తన్నాయి. మూడో రోజుకు నీళ్లు తీశాయి. కాంట్రాక్టరు మనుషులు ఎక్కడో తెగిన పైపు అతికించి కుళాయిలు వదిలారు. అతను బండి దిగకుండానే, "మందు కలిపామండి, నిక్షేపంగా తాగొచ్చు," అని వీధంతా చెప్పుకుంటూ పోయాడు.

ఉక్కునగరంలో నీళ్లు పరీక్ష చేసే గదిలో నాది చిన్న ఉద్యోగం. సీసాలు కడగడం, నీళ్లు పట్టి తేవడం. కొన్నాళ్లు నీళ్లు కాచుకోవాలని అత్తకు చెప్పి డ్యూటీకి వెళ్లాను. స్టవ్ బురదలో నాని వెలగడం లేదన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. సాయంత్రం వచ్చి అడిగితే అత్త, "ఏటవుద్దే? ఆ బాబు తాగొచ్చన్నాడు గదా. దాహమేసింది, తాగీసినాను," అంది.

తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి పోయింది. మంచం మీద తన బట్టలు తనే సర్దుకోవాలని చూసేది. పరాయివాళ్ల ముందు అలా పడి ఉండటం ఆవిడకు జబ్బు కన్నా పెద్ద బాధ.

దినం కాకముందే, వీధి చివర కాంట్రాక్టరు ఎవరితోనో అంటుండగా విన్నాను. "మన లైన్లో తప్పేం లేదండీ. వీళ్లు బిందెలు కడుక్కోరు. బురద చేతుల్తోనే నీళ్లు ముంచుకుంటారు."

మా అత్త బిందెను చింతపండుతో తోమితే మొహం చూసుకునేలా ఉండేది. నాకు ఏడుపు ఆగిపోయింది. అప్పటినుంచి ఏడవలేదు.

పరీక్షకు వాడే, లోపల మందు వేసి ఉండే చిన్న సీసాలు మా గది పెద్దాయనను అడిగి తెచ్చుకున్నాను. గీత దాకా నీళ్లు పోసి ఒక రోజు ఉంచితే, మురుగు కలిసిన నీళ్లయితే నల్లబడతాయి. ఇంటింటికీ తిరిగి కుళాయి నీళ్లు పట్టి, మా అరుగు మీద వరసగా పెట్టాను. మర్నాడు చూస్తే వీధిలో గెడ్డ మీదున్న కల్వర్టుకు ఎగువన ఉన్న ఇళ్ల సీసాలు తేటగా ఉన్నాయి. దిగువన ఉన్నవన్నీ నల్లబడ్డాయి. తప్పు ఎక్కడుందో పసిపిల్లయినా చెప్పగలదు.

అప్పుడే వెళ్లి ఫిర్యాదు చేయవలసింది. చేయలేదు. రెండు రోజుల్లో కార్పొరేషన్ పెద్ద అధికారి మా వీధి చూడటానికి వస్తున్నాడని తెలిసింది. అతని ముందే కాంట్రాక్టరు పరువు తీయాలని ఆగాను. నీళ్లు కాచుకోమని అందరికీ చెప్పాననే అనుకున్నాను. వెనక వరసలో కొత్తగా అద్దెకు దిగిన జంట సంగతి మరిచాను. ఆ అమ్మాయిని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే చూశాను. బతికింది. కానీ నేను ఆగిన ఆ రెండు రోజుల్లోనే ఆమె ఆ నీళ్లు తాగింది. ఈ మాట ఆమెకు నేను ఇప్పటికీ చెప్పలేదు.

అధికారి వచ్చిన రోజు మధ్యాహ్నం కుళాయి కింద గ్లాసు పట్టి కాంట్రాక్టరు చేతికిచ్చాను.

"ఎండన పడొచ్చారు. తాగండి బాబూ."

అతను నవ్వి గ్లాసు అందుకున్నాడు. పెదవుల దాకా తెచ్చి ఆపాడు.

"ఇప్పుడే టీ తాగానమ్మా."

"మా అత్తని తాగమన్నారు గదా. మీరూ ఒక గుక్క తాగండి. కడిగిన గ్లాసే."

అధికారి అతని వైపే చూస్తున్నాడు. అతను తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాడు. అప్పుడు అధికారిని అరుగు దగ్గరికి తీసుకెళ్లి సీసాలు చూపించాను.

ఆ సాయంత్రమే కల్వర్టు దగ్గర తవ్వారు. మంచినీళ్ల పైపు గెడ్డ మురుగులోంచే పోతోంది. తెగిన చోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించారు. మా అత్త తాగిన నీళ్లు వచ్చింది ఆ అతుకులోంచే.

పైపును గెడ్డ పైకి లేపి, కల్వర్టు గోడకు బిగించేదాకా కాంట్రాక్టరు దగ్గరుండాలని అధికారి చెప్పాడు. నాలుగు రోజులు అతను బురదలో నిలబడ్డాడు. సెలవు పెట్టి నేను కల్వర్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మరుగుదొడ్ల గోతులు ఖాళీ చేసి, పగిలిన చోట్ల సిమెంటు చేసి, సున్నం, బ్లీచింగు చల్లినప్పుడూ అతను ప్రతి ఇంటికీ వచ్చేలా చూశాను.

మా ఆయన వచ్చి, "ఇక సాలు, ఇంటికి రా. అమ్మ ఎలాగూ తిరిగి రాదు," అన్నాడు.

"నాకు సాల్నేదు," అన్నాను.

మళ్లీ పరీక్ష చేస్తే ఏ ఇంటి నీళ్లూ నల్లబడలేదు. వీధివాళ్లు నన్ను మెచ్చుకున్నారు. నా కడుపులో మంట మాత్రం అలాగే ఉంది.

కొన్ని నెలల తర్వాత అతనికి ఎలమంచిలి వైపు ఒక ఊళ్లో పైపుల పని దొరికిందని విన్నాను. అక్కడా అతని తప్పు పట్టుకుందామని ఆదివారం పాసింజరు రైలెక్కి వెళ్లాను. కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లను, "పైపు ఏ మురుగులోంచి వత్తందో ఎప్పుడైనా సూసినారా?" అని అడిగాను.

"మురుగులోంచి ఏటమ్మా? రా, సూద్దువుగాని," అని ఒకావిడ తీసుకెళ్లింది.

పైపు కాలవకు బారెడు ఎత్తున, ఇనప కమ్మీల మీద ఉంది. ప్రతి అతుకూ వంగి చూశాను. చేత్తో తడిమాను. ఎక్కడా చెమ్మ లేదు. అంత శ్రద్ధగా చేసిన పని మా వీధిలో నేనెప్పుడూ చూడలేదు.

సంతోషించవలసిన మాట. ఆ ఊరి పిల్లలు మంచినీళ్లు తాగుతారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇంత బాగా చేయడం చేతనైనవాడు, మాకెందుకు చేయలేదు?

"ఎవలింటికొచ్చినావమ్మా?" అని అడిగింది ఆవిడ.

"ఎవలింటికీ కాదు," అని స్టేషన్ వైపు నడిచాను.