ఖాళీ ఇళ్ళలో పొగ

పొలోనా చచ్చినవాళ్ళకి వంట చేసిపెడుతోందని మొదట అన్నది మార్గిత. మా కొండ మీది ఊరు యావొర్నిక్‌కి గురువారాల్లో రొట్టె, నూనె, పిండి తెచ్చే వ్యాను దగ్గర నిలబడి అంది.

"మొన్న మాటెవాళ్ళ ఇంట్లోంచి పొగ వచ్చింది. నిన్న కమ్మరివాళ్ళ ఇంట్లోంచి. ఆ ఇళ్ళలో మనుషులు పోయి ఎన్నేళ్ళయింది? తాళాలు ఎవరి దగ్గరున్నాయి మరి?"

"చచ్చినవాళ్ళకీ ఆకలేస్తుందా పెద్దమ్మా?" అన్నాడు వ్యాను నడిపే యోసో, రొట్టె అందిస్తూ. "అయితే నా బేరం బాగుపడినట్టే."

ఎవరూ నవ్వలేదు.

తాళాలు నిజంగానే పొలోనా దగ్గరున్నాయి. ఇల్లు విడిచి వెళ్ళేవాళ్ళు తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్ళడం మా దగ్గర అలవాటు. పక్కింటివాళ్ళూ వెళ్ళిపోతే రెండు తాళాలూ ఆ పై ఇంటికి చేరతాయి. రంపపు మిల్లు మూసేశాక కొందరు, ఓడల కార్ఖానాలో పనికని రేవు పట్నం రియెకాకి కొందరు, యుద్ధం తర్వాత జర్మనీకి కొందరు పోయారు. తాళాలు మాత్రం చేతులు మారుతూ పొలోనా గోడ మేకులకు చేరాయి.

ఎందరం మిగిలామో మాకే సరిగ్గా తెలియదు. జర్మనీలో ఉన్న కొడుకునీ మార్గిత ఊళ్ళోవాడిగానే లెక్కేస్తుంది. వాడి పక్క ఇంకా పరిచే ఉంది కదా అంటుంది. వెనకటి పెద్దలు మనుషుల్ని కాదు, పొగల్ని లెక్కపెట్టేవారు. పొగ లేచిన ఇల్లు బతికున్న ఇల్లు. ఇప్పుడు ఖాళీ ఇళ్ళలోంచి పొగ లేస్తుంటే ఆ లెక్క కూడా చెడిపోయింది. మా ఊరికి జనం తిరిగొచ్చారని కింది లోయవాళ్ళు అనుకున్నారు. మా నాన్న కూడా నమ్మాడు.

"మాటెవాళ్ళు వచ్చినట్టున్నారు. వెళ్ళి పలకరించి రా."

వెళ్ళి తలుపు తట్టాను. పొలోనా తీసింది. నడుముకి వంట గుడ్డ కట్టుకుని ఉంది. లోపల పులిసిన క్యాబేజీ ఉడుకుతున్న వాసన. బల్ల మీద ఒక్కటే కంచం.

"మాటెవాళ్ళు..." అన్నాను.

"లేరమ్మా." నా చేతిలో వేడి బంగాళాదుంప ఒకటి పెట్టి తలుపు వేసుకుంది.

"మరి పొగ ఎవరిది?" అన్నాడు నాన్న.

"పొలోనా పెద్దమ్మది."

"ఆవిడ అక్కడుంటే ఆవిడింట్లో ఎవరున్నారు?"

బడి బస్సు ఆగిపోయి చదువు మానేసినప్పటి నుంచి నేను కిటికీలోంచి ఊరిని చూస్తూనే ఉంటాను. కానీ పొలోనా ఇల్లు చర్చి వెనక ఉంది. మాకు కనిపించదు.

మార్గిత మాట వ్యానుతోపాటు కొండ దిగి, రియెకాలో ఉన్న పొలోనా మేనల్లుడు జ్దెన్కో దాకా పోయింది. ఏప్రిల్లో ఒక ఆదివారం అతను కారేసుకుని వచ్చాడు. చెట్ల కింద ఇంకా మంచు ఉంది. ఊళ్ళో మిగిలినవాళ్ళం పొలోనా గుమ్మం ముందు చేరాం.

"అత్తా, రియెకాలో వృద్ధాశ్రమంలో గది మాట్లాడాను. బట్టలు సర్దుకో."

"నేను రాను."

"ఆవిడ చచ్చినవాళ్ళతో మాట్లాడుతోంది బాబూ," అంది మార్గిత.

"నీతో మాట్లాడటం కంటే నయమే," అంది పొలోనా.

జ్దెన్కో మెట్టు మీద కూర్చున్నాడు. అతనికీ ఏం చేయాలో తెలియనట్టే ఉంది. "సొంత ఇల్లుండగా పరాయి ఇళ్ళలో పొయ్యి ఎందుకు రాజేస్తున్నావత్తా? కారణం ఒక్కటి చెప్పు. వదిలేసి వెళ్ళిపోతా."

పొలోనా నోరు తెరిచింది. మా అందరినీ చూసి మళ్ళీ మూసుకుంది. జ్దెన్కో నిట్టూర్చి లేచాడు. "అమ్మాయీ, లోపలికెళ్ళి ఆవిడ కోటు తెచ్చిపెట్టు," అన్నాడు నాతో.

లోపల బయటికంటే చలిగా ఉంది. పొయ్యి మీద ఇటుక ముక్కలు, తడి మసి. తల ఎత్తితే కప్పులోంచి ఆకాశం కనిపించింది. కోటు తేకుండానే బయటికొచ్చాను. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. "మీరే వచ్చి చూడండి," అని మాత్రం అన్నాను.

అతను వెళ్ళి చాలాసేపటికి గానీ బయటికి రాలేదు.

"పొగగొట్టం ఎప్పుడు కూలింది?"

"ఫిబ్రవరిలో, పెద్ద గాలికి."

"ఒక్క ఫోను చేస్తే ఏం పోయేది?"

"చేస్తే ఏం చేసేవాడివి? ఇలాగే కారేసుకుని వచ్చేవాడివి."

జ్దెన్కో కప్పు వైపు చూసి, ఇటుకలు ఎక్కడ దొరుకుతాయని మా నాన్నని అడిగాడు.

"అయితే చచ్చినవాళ్ళకి కాదా?" అంది మార్గిత, కొంచెం నిరాశగా. "మరి రోజుకో ఇంట్లో ఎందుకు?"

పొలోనా ఆమెను వింతగా చూసింది. ఏ ఇంటి చూరు కింద పేర్చి ఉన్నవి ఆ ఇంటివాళ్ళ కట్టెలు. ఒక్క ఇంటివే కాల్చేస్తే వాళ్ళు తిరిగి వచ్చేనాటికి ఏమీ మిగలవు.